ఱాతిపలుకు – మానవధర్మము

కనికరము లేనివానిని మనము ఱాతిగుండెవాఁ డందుము. ఎంత చెప్పినను తలకెక్కని శిష్యుని బండఱాయి యని తిట్టుదుము. దుఃఖమును దిగమ్రింగి సంసారము నీడ్చుకొని పోవు వితంతువును జూచి "గుండె ఱాయి చేసికొన్న"దని జాలిపడుదుము. ఈ వాడుకలన్నిటిలోను ఒక్క నమ్మకమే దాఁగియున్నది: ఱాతికి బాధ లేదు; ఉన్నను అది పైకి జెప్పదు. ఇందు మొదటిమాట నిజమే కావచ్చును. రెండవది మాత్రము నిజము కాదు. ఒత్తిడి మితిమీఱినప్పుడు ఱాయి చెప్పును. అది చెప్పు భాష మన చెవులకు వినఁబడునది కాదు గనుక చెప్పలేదని మన మనుకొందుము.

పల్లెటూళ్లలో బాల్యము గడపినవారికి దీని జాడ కొంత తెలిసియే యుండును. రెండు తెల్లని పలుగుఱాళ్లను చీఁకటిలో గట్టిగా రాచినచో నడుమ సన్నని వెలుఁగు పుట్టును. ఇంటనే చూడఁగోరువారు తలుపులు మూసి, దీప మార్పి, కన్నులు చీఁకటి కలవాటు పడిన వెనుక, కలకండపలుకును పట్టుకారుతో నలిపిచూడవచ్చును. అది విఱుగు క్షణమున నీలపు మెఱపొకటి తళుక్కుమని మాయమగును. చక్కెర నిట్లు గీఱినచో వెలుఁగు పుట్టు నని ఫ్రాన్సిస్ బేకను 1620లో ప్రకటించిన గ్రంథముననే వ్రాసియున్నాఁడు. పదార్థము పగులునప్పుడు పగులు రెండు ముఖములమీఁద విద్యుత్తు వేఱుపడి, తిరిగి కలియుటకై యెగయును. ఆ యెగపాటే యీ వెలుఁగు.

1880లో జాక్ క్యూరీ, పియరీ క్యూరీ యను అన్నదమ్ములు మఱియొక విషయమును గనిపెట్టిరి. పలుగుఱాతి స్ఫటికమును తగిన దిక్కున నొత్తినచో, అది విఱుగకయే, దాని ముఖములమీఁద విద్యుదావేశము కలుగును. నేఁడు మన వంటయిండ్లలో గ్యాసుపొయ్యి వెలిగించు లైటరున టక్కుమని మ్రోఁగి నిప్పురవ్వ పుట్టుటకును అట్టి ధర్మము గల పదార్థమే కారణము. మన దేశపు కొండలలో పెక్కింట పలుగు కణములు విస్తారముగా నున్నవి. అయితే అవి తలయొక దిక్కునకు దిరిగియుండుటచే ఒకదాని విద్యుత్తును మఱియొకటి చాలవఱకు రద్దుచేయును. కాఁబట్టి శాస్త్రజ్ఞు లితర కారణములను గూడ చెప్పుచున్నారు. క్రొత్తగా నేర్పడు పగుళ్లలో ఆవేశము వేఱుపడుట యొకటి. ఒత్తిడిచే ఱాతి సందులలోని నీరు కదలుచు విద్యుత్తును వెంటఁ గొనిపోవుట యొకటి. అగ్నిశిలలలో జతగూడియున్న ప్రాణవాయు పరమాణువుల బంధము ఒత్తిడికి సడలి ఆవేశమును విడుచు నని ఫ్రీడెమాన్ ఫ్రాయిండ్ అను శాస్త్రజ్ఞుని పక్షము. ఈ చివరి దానినిగూర్చి వాదము తెగలేదు.

కారణ మేదైనను కార్యము ప్రయోగశాలలో సందేహము లేకుండ స్థిరపడినది. ఱాతిని చిన్నస్తంభముగాఁ జెక్కి, యంత్రపు దవడల నడుమ నుంచి, బయటి తరంగములు చొరకుండ చుట్టును లోహపుపెట్టె నమర్చి, ప్రక్కను తీఁగచుట్ట నొకదాని నుంచి, మెల్లమెల్లగా బరువు పెంచుదురు. ఱాయి పూర్తిగా బ్రద్దలగుటకు ముందే లోపల కంటికిఁ గనఁబడని పగుళ్లు పుట్టుచుండును. ఒక్కొక్క పగులునకు సన్నని ధ్వనియు, దానితోపాటు రేడియో తరంగముల చిన్న విసరును వెలువడును. బరువు పెరిగినకొలఁది, విఱుగు ఘడియ సమీపించినకొలఁది, ఈ విసరులు సాధారణముగా దట్టమగును. ఇదియే ఱాతిపలుకు.

దీనిని వినుట వలన ప్రయోజనము లేకపోలేదు. లోఁతుగనులలో పైనున్న భూభారముచే నలిగిన శిల ఒక్కొక్కప్పుడు తుపాకిగుండువలె ప్రేలి పనివాండ్రపైఁ బడును. రెండుమైళ్లకు మీఱిన లోఁతువఱకు దిగి, 2001లో మూఁతవడిన కోలారు బంగారుగనులు ఇట్టి ప్రేలుళ్లకుఁ బేరెక్కినవి. ఆ గనులలో పనిచేసినవారిలో మన తెలుఁగువారును గలరు. పూర్వము గనిపనివాండ్రు పైకప్పునకుఁ బెట్టిన కఱ్ఱ మూలుగుటను విని తొలఁగిపోవువారు. నేఁడు చైనా, రష్యా దేశముల బొగ్గుగనులలో ఱాతిధ్వనులతోపాటు ఱాతి రేడియో విసరులను గూడ యంత్రములచేఁ గొలిచి యపాయపు గుఱుతులను గనిపెట్టఁ జూచుచున్నారు. అక్కడ ఱాయికిని యంత్రమునకును నడుమ నున్న దూరము స్వల్పము.

ఇంతవఱకు వచ్చిన చదువరికి ఒక యాశ తోఁచును. గనిలోని ఱాయి ముందుగాఁ జెప్పునప్పుడు, భూకంపమునకు ముందు భూగర్భములోని ఱాయి యేల చెప్పదు? కొండంత శిల నలుగుచుండఁగా, యంత్రములు పెట్టి వినినచో, వేలకొలఁది ప్రాణములు దక్కునే! ఈ యాశ పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులకే కలిగినది. అది యుదారమైన యాశ. ఉదారమైనది గనుకనే దానిని జాగ్రత్తగా పరీక్షింపవలయును.

మన తార్కికులు పొగను జూచి నిప్పు నూహించుటకు ముందు రెండు షరతులు పెట్టిరి. మొదటిది, కనఁబడునది నిజముగా పొగయే కావలయును. మంచును జూచి పొగ యనుకొన్నవాని యనుమానము మొదటనే చెడును. రెండవది, పొగ యున్నచోట నెల్ల నిప్పున్న దను వ్యాప్తి తెలిసియుండవలయును. నిప్పులేని మడుగులలో పొగ లేదనియు చూచియుండవలయును. ఈ రెండు షరతులను భూకంపపు ఱాతిపలుకునకుఁ బెట్టిచూతము.

1989 అక్టోబరు 17వ తేది కాలిఫోర్నియాలో లోమా ప్రియేటా యను చోట 6.9 పరిమాణము గల భూకంపము కలిగి 63 మంది మరణించిరి. కేంద్రమునకు 7 కిలోమీటర్ల దూరముననే కొరలిటోస్ అనుచోట స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు ఫ్రేజర్-స్మిత్ గారి యంత్ర మొకటి వేఱొక పనికై యమర్పఁబడి, భూమి యయస్కాంతక్షేత్రమున మందగతిని గలుగు కంపనములను గొలుచుచుండెను. భూకంపమునకు సుమారు 12 దినముల ముందునుండి కొలత పెరిగినది; 3 గంటల ముందు మఱింత పైకెగసినది. 1990లో ఈ సంగతి ప్రకటింపఁబడఁగానే లోకమెల్ల నాశ్చర్యపడినది. ఎన్నో దేశములలో యంత్రములు నెలకొల్పిరి. కాని 2004 సెప్టెంబరు 28వ తేది అదే కాలిఫోర్నియాలో, యంత్రములు దట్టముగా నమర్చి యెదురుచూచుచున్న పార్క్‌ఫీల్డునందు 6.0 పరిమాణపు భూకంపము వచ్చినప్పుడు అట్టి ముందు సూచన యేదియుఁ గనఁబడలేదు. 2009లో ఇతర పరిశోధకులు కొరలిటోసు కొలతలను దూరపుయంత్రముల కొలతలతోఁ బోల్చిచూచి, అది యంత్రమునఁ బుట్టిన దోషమో, సూర్యునివలనఁ గలుగు సహజమైన యయస్కాంతక్షోభమో కావచ్చునని వ్రాసిరి. అనఁగా మొదటి షరతే సందేహమునఁ బడినది. చూచినది పొగయో మంచో తెలియదు.

రెండవ షరతును గూర్చి ప్రకృతియే యొక యడ్డు పెట్టినది. తడిసిన నేలయు శిలయు రేడియో తరంగములను మ్రింగివేయును. నూఱు ఓమ్-మీటరుల విద్యున్నిరోధము గల శిలలో సెకండునకు పదిలక్షలసారులు కంపించు తరంగము 5 మీటరులు పోవునప్పటికే మూఁడవవంతునకుఁ జేరును. నూఱు సెకండ్లకు ఒక్కసారి కంపించు తరంగమైనచో 50 కిలోమీటర్లు పోఁగలదు. ప్రయోగశాలలో మనము విన్న చురుకైన విసరులు భూగర్భమునుండి పైకి రాలేవు. రాఁగలిగిన మందతరంగములో, సూర్యక్షోభములును విద్యుద్రైళ్లును గలిగించు గందరగోళములోఁ గలిసిపోవును. ఇదిగాక నలిగిన శిల యెల్ల విఱుగవలె నను నియమము లేదు. మూలిగి, సర్దుకొని, మఱి నూఱేండ్లు నిలిచియుండవచ్చును. ఎన్నిసారులు పలికి విఱిగినదో లెక్కించుటతో సరిపోదు. ఎన్నిసారులు పలికియు విఱుగలేదో, ఎన్నిసారులు పలుకకయే విఱిగినదో కూడ లెక్కింపవలయును. జాతకములు నిజమైనవని చెప్పువారు ఫలించినవానినే జ్ఞాపకముంచుకొందురు. శాస్త్రము ఫలింపనివానిని గూడ వ్రాసికొనును. రెంటికిని గల భేద మీ లెక్కలోనే యున్నది.

ఇది తీఱని యెడల మన ధర్మ మేమి? ఈ వ్యాసమునకు నిజమైన ప్రశ్న యిదియే. ఒకఁడు బలహీనమైన గుఱుతు నొకదానిని చూచెను. అది నిజమైనచో వేలమంది చత్తురు. కాకున్నచో వేలమంది యనవసరముగా భయపడుదురు, ఇండ్లు విడుతురు, పనులు మానుదురు, మఱునాఁడు వానిని నవ్వుదురు, ఆ తరువాత నిజమైన హెచ్చరికను గూడ వినరు. అతఁడు చెప్పవలయునా? మానవలయునా?

చైనాదేశములో ఈ రెండు ఫలములును ఒకటిన్నర సంవత్సరములోపలనే కలిగినవి. 1975 ఫిబ్రవరి 4వ తేది హైచెంగ్ ప్రాంతమున వరుసగా చిన్నకంపనములు కలుగఁగా అధికారులు జనులను ఇండ్లనుండి వెడలించిరి. ఆ సాయంకాలమే 7.3 పరిమాణపు భూకంపము వచ్చినది. ఎందఱో బ్రదికిరి. ఇఁక రహస్యము తెలిసినదని లోకము సంతోషించినది. 1976 జులై 28వ తేది టాంగ్‌షాన్ నగర మెట్టి బహిరంగ హెచ్చరికయు లేకయే కూలినది. ప్రభుత్వపు లెక్కప్రకారమే రెండులక్షల నలువదివేలకు పైగా జనులు మడిసిరి. మొదటి భూమి మాటాడినది గదా యని రెండవ భూమియు మాటాడు ననుకొనుట కాధారము లేకపోయినది.

ఇటలీలో జరిగినది వేఱొక విధము. 2009లో లాక్విలా నగరమును కొన్ని నెలలుగా చిన్నకంపనములు కలఁచుచుండెను. మార్చి 31వ తేది పండితులు సభ చేసిరి. ఆ సందర్భమున నొక ప్రభుత్వాధికారి, చిన్నకంపనములచే శక్తి వెడలిపోవుచున్నది గనుక పరిస్థితి యనుకూలమే యని ప్రజలకు ధైర్యము చెప్పెను. ఆ మాటకు శాస్త్రాధారము లేదు. ఆ యూరివారికి కంపనము కలిగిన రాత్రి బయట పరుండు పూర్వాచార మొకటి యుండెను. ధైర్యపుమాట విని కొన్ని కుటుంబములవా రా యాచారమును మాని యింటనే నిదురించిరి. ఏప్రిలు 6వ తేది తెల్లవాఱకముందు 6.3 పరిమాణపు భూకంపమున 309 మంది మరణించిరి. 2012లో న్యాయస్థానము ఆఱుగురు శాస్త్రజ్ఞులకును ఆ యధికారికిని ఆఱేసి సంవత్సరముల శిక్ష విధించెను. 2014లో పైన్యాయస్థానము శాస్త్రజ్ఞులను నిర్దోషులని విడిచి, అధికారి శిక్షను రెండేండ్లకుఁ దగ్గించెను. 2015లో దేశపు టత్యున్నత న్యాయస్థానము దానినే స్థిరపఱచెను. భూకంపమును ముందుగాఁ జెప్పలేదని పండితులను శిక్షించిరని లోకమంత యపహసించినది. నాకుఁ దోఁచునంతవఱకు అక్కడి దోషము చెప్పలేకపోవుట కాదు. తెలియనిదానిని తెలిసినట్లు చెప్పి జనుల జాగ్రత్తను నిద్రపుచ్చుటయే దోషము. "భయ మున్నది" యని యబద్ధముగాఁ జెప్పుటయు "భయము లేదు" అని యబద్ధముగాఁ జెప్పుటయు ఒక్కజాతి పాపములే. మొదటిదానిని మనము నిందింతుము. రెండవదానిని దయ యని మెచ్చుకొందుము.

ఇది మన యిండ్లలోనికి రాని సంగతి కాదు. ఇంటి యజమానుఁ డప్పులపాలగును. భార్య భయపడు నని యామెకుఁ జెప్పఁడు. తల్లికిఁ బ్రాణాపాయమైన జబ్బు పుట్టును. ఆమె తట్టుకొనలేదని కొడుకులు "ఏమియు లేదమ్మా, కొంచెము నీరస" మందురు. చెప్పనివాని మనసులో కరుణయే యుండవచ్చును. కాని యా కరుణలో నొక తిరస్కారమును గలదు: "సందేహమును మోయుటకు నాకుఁ జాలిన బలము నీకు లేదు" అనుటయే దాని యర్థము. తన యింటిగూర్చి తాను నిర్ణయించుకొను హక్కును దానిచే మన మామెనుండి తీసికొనుచున్నాము. ఆఁడువారికి విద్య కావలె నని సభలలో నుపన్యసించి యింటికి వచ్చి లెక్కల పుస్తకమును దాఁచువాఁ డీ విషయమున నాలోచింపవలసియున్నది.

ఇందు కొక యాక్షేపణ కలదు. సామాన్యజనులకు సందేహము పనికిరాదనియు, వారికి అవును కాదను మాటలే కావలయుననియుఁ గొంద ఱందురు. ఈ యాక్షేపణ సత్యము కాదు. మెట్టసేద్యగాఁడు వాన వచ్చునో రాదో తెలియకయే విత్తనములు చల్లును. అన్నియు నొక్కదినమునఁ జల్లఁడు. బిడ్డ నొసలు వెచ్చఁబడఁగానే తల్లి పెద్దజ్వర మనియు నిశ్చయింపదు, ఏమియు లేదనియు నిశ్చయింపదు. చెంతనే పరుండి రాత్రి రెండుసారులు చేయి వేసిచూచును. సంశయములో మెలఁగుట సామాన్యజనులకుఁ దెలిసినంత పండితులకుఁ దెలియదేమో. వారి కర్థము కానిది సంశయము కాదు, దానిని మఱుగుపఱచు నటన.

మఱియొక విధమైన యతిప్రసంగమును గూడ మన మెఱుఁగుదుము. 1934 జనవరి 15వ తేది బీహారునందు ఘోరమైన భూకంపము కలిగినప్పుడు, అది యస్పృశ్యతాపాపమునకు దైవము విధించిన శిక్ష యని గాంధీమహాత్ముఁడు చెప్పెను. రవీంద్రుఁడు, ఆ పాపమును నిర్మూలింపవలయునను విషయమున గాంధీగారితో నేకీభవించుచునే, ప్రకృతికార్యమునకు నీతికారణము నంటగట్టుట తగదని బహిరంగముగా ఖండించెను. అస్పృశ్యత మహాపాప మనుటకు భూకంపము సాక్ష్యము కానక్కఱలేదు. మంచి కార్యమునకైనను చెల్లని సాక్ష్యమును దెచ్చినచో, ఱేపు చెడ్డ కార్యమునకు అదే సాక్ష్యమును మఱియొకఁడు తెచ్చును. శిల యొత్తిడిని మాత్రమే చెప్పును. మనకు నచ్చిన తీర్పును దాని నోటఁ బెట్టరాదు.

నా స్వానుభవ మొకటి చెప్పక యీ ప్రసంగమును ముగింపలేను. కొన్నియేండ్ల క్రిందట నేను పనిచేయుచుండిన యొక పాఠశాలలో, మూఁడవతరగతి గది వెనుకగోడకు వెండ్రుకవంటి బీట కనఁబడెను. నాకుఁ గుతూహలము కలిగి, బీట చివర పెన్సిలుతో గీటు గీచి ప్రక్కను తేది వ్రాసితిని. ఏడువారములలో బీట గీటును దాఁటి జానెఁడు దూరము సాగెను. పెద్దలకుఁ జెప్పవలె నని పలుమాఱు లనుకొంటిని. "నీవు వ్యాకరణము చెప్పువాఁడవు, గోడల సంగతి నీ కేమి తెలియు" నందు రని వెనుదీసితిని. నిశ్చయముగాఁ దెలిసినచోఁ జెప్పుదము లెమ్మని నాకు నేను సర్దిచెప్పుకొంటిని. ఆ సంవత్సరము శ్రావణమున నొక యాదివారపు రాత్రి వానకు గోడ కూలెను. ఎవ్వరికిని దెబ్బ తగులలేదు. మఱునాఁ డుదయమున పోయిచూడఁగా, చిన్నపిల్లలు కూర్చుండు మొదటి బల్ల యిటుకలక్రింద రెండు ముక్కలైయుండెను. గోడ కూలునని నాకుఁ దెలియ దనుట నిజమే. కాని బీట యేడువారములలో జానెఁడు సాగినదని నాకుఁ దెలియును. తెలియనిదానిని సాకుగాఁ జూపి, తెలిసినదానిని దాఁచితిని. ఆ దినమునుండి నిశ్చయము లేనిది నోరు విప్పరా దను నియమమును నేను వినయ మని పిలుచుట మానుకొంటిని. అందులో సగము పిఱికితనము.

కాఁబట్టి బలహీనమైన గుఱుతును జూచినవాని ధర్మము నా కిట్లు తోఁచుచున్నది. కొలిచినదానిని కొలిచినంతవఱకే చెప్పవలయును. అట్టి గుఱుతు పూర్వ మెన్నిసారులు వ్యర్థమైనదో దానితోడనే చెప్పవలయును. దాఁచినచో నది సగము సత్యము. చెప్పినపిదప వినువాని నిర్ణయమును వానికే విడువవలయును. నిర్ణయించు నధికారము తన చేతిలోనే యున్నచో, పొరపాటయ్యె నేని నవ్వులపాలగుటకు సిద్ధపడి, తక్కువ నష్టము గల మార్గమును బట్టవలయును. నాఁడు పిల్లలను ఏడుదినములు వేపచెట్టుక్రిందఁ గూర్చుండఁబెట్టి, గోడ నెఱిఁగినవానిచేఁ జూపించుటవలన ఎవరికిని ఏమియు పోయెడిది కాదు.

చివర నింకొక మాట. 1993 సెప్టెంబరు 30వ తేది తెల్లవాఱుజామున మహారాష్ట్రములోని కిల్లారి ప్రాంతమున భూకంపము కలిగినప్పుడు, మన హైదరాబాదు వఱకును నేల కదలెను. అక్కడ సుమారు పదివేలమంది మరణించిరి. వారిని జంపినవి చాలవఱకు వారి యిండ్ల గోడలే. మందమైన ఱాతిగోడలు, బురదతోఁ బేర్చినవి, పైని మిక్కిలి బరువైన మట్టికప్పు. అట్టి గోడ కదలికకు నిలువదని తెలియుటకు అయస్కాంతయంత్రము వలదు. అందు సంశయ మేమియు లేదు. భూగర్భములోని ఱాయి యేమి చెప్పునో యని చెవి యొగ్గుట మంచి పనియే. ఆ పరిశోధన సాగవలయును, దానికి ధనమును ఓర్పును వలయును. కాని మన తల ప్రక్కనున్న గోడలోని ఱాయి యెప్పుడో స్పష్టముగాఁ జెప్పినది. దానిని విని యడ్డపట్టీ వేసి గోడను గట్టిపఱచుకొనుట శాస్త్రజ్ఞుని పని కాదు, మనది. ఈ నెల చదువరులు తమ యూరి బడిగోడల నొకసారి తిరిగిచూచి, బీట యున్నచోట పెన్సిలుతో గీటు గీచి తేది వ్రాసినచో నా కంతకంటె కావలసిన దేమియు లేదు. అయితే గీచి యూరకుండరాదు. సాయంకాలమునకు లోపల ఎవరితోనైనను చెప్పవలయును.